ఏ వయసుకు ఎంత జీవితం

నేను తెలుగు పంతులమ్మను. జమ్మలమడుగు దగ్గర, గండికోట కొండలకు దిగువనున్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పని. పాఠాలతో పాటు బడి గ్రంథాలయం తాళంచెవి కూడా నా దగ్గరే ఉంటుంది. శనివారాల్లో వీలున్నప్పుడు ప్రాథమిక పాఠశాలకు పోయి చిన్నపిల్లలకు కథలు చెప్తాను. అట్లా ఆరేళ్ళ పిల్లల నుంచి పదో తరగతి పరీక్ష రాసి వెళ్ళిపోయే పిల్లల వరకు అందరికీ పుస్తకాలు అందించే పని నాకు దొరికింది. ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది జీవితచరిత్రల బీరువా.

కథల పుస్తకాలకు నా అవసరం తక్కువ. బొమ్మ చూసి, నాలుగు వాక్యాలు చదివి పిల్లలే తీసుకుంటారు, బాగుంటే పక్కవాడికి చెప్తారు. జీవితచరిత్రను మాత్రం ఎవరో ఒకరు చేతిలో పెట్టాలి. పెట్టిన పుస్తకం సరిపోకపోతే పిల్లవాడు మళ్ళీ ఆ బీరువా వైపు రాడు. మా పిల్లల ఇళ్ళల్లో వేరే పుస్తకాలు ఉండవు. నాన్నలు నాపరాళ్ళ గనుల్లో పని చేస్తారు, శనగ చేలకు పోతారు, కొందరి ఇళ్ళల్లో మగ్గాలున్నాయి. కోటలోపలి ఊరి నుంచి వచ్చే పిల్లలు ఆదివారాలు టూరిస్టుల వెంట తిరిగి కోట చూపిస్తారు. మా దగ్గర గొప్పవాళ్ళంటే గోడల మీద, ఫ్లెక్సీల మీద చేతులు జోడించి నిలబడినవాళ్ళే. ఇంకో రకం గొప్పదనం కూడా ఉందని పిల్లలకు తెలిసేది ఈ బీరువాలోంచే. అందుకే దీని మీద నాకు అంత పట్టింపు.

బీరువాలో ముందునుంచీ ఉన్నవి సన్నపు పుస్తకాలు. ఏది తెరిచినా వరస ఒకటే: పేద కుటుంబంలో పుట్టెను, వీధి దీపం కింద చదివెను, దేశసేవ చేసెను, కీర్తిశేషుడయ్యెను. పేరు మార్చితే శాస్త్రవేత్త కవి అవుతాడు, కవి రాజకీయ నాయకుడవుతాడు. ఏడో తరగతి పిల్ల ఒకతి అట్లాంటి పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అడిగింది: "ఈయప్ప పొద్దున లేచి ఏం పని చేసేవాడు మేడమ్? అది యాడా రాయలేదే." ఆ ప్రశ్ననే నేను పుస్తకాలకు పరీక్షగా పెట్టుకున్నాను. కడపలోనో ప్రొద్దుటూరులోనో అంగట్లో నిలబడి, లేకపోతే విజయవాడ పుస్తక మహోత్సవంలో తిరుగుతూ ఒక జీవితచరిత్ర చేతిలోకి తీసుకుంటే, ముందు మధ్య పేజీలు తెరుస్తాను. ఆ మనిషి చేసిన పని, దాని తీరు, దాని కష్టం అక్కడ కనిపించాలి. తరవాత అమ్మ పేరు, భార్య పేరు, పనిలో తోడు నిలిచినవాళ్ళ పేర్లు ఉన్నాయా అని చూస్తాను. ఆయనను కాదన్నవాళ్ళు, ఆయన మాట చెల్లని రోజులు ఉన్నాయా అని చూస్తాను. ఎవరూ ఎదురు చెప్పని మనిషి కథ పిల్లలకు నమ్మబుద్ధి కాదు. రచయిత దగ్గరుండి విన్నట్టు పేజీల కొద్దీ సంభాషణలు రాసి ఉంటే ఆ పుస్తకాన్ని కథల బీరువాలో పెడతాను. అది మంచి పుస్తకమే కావచ్చు, కానీ అక్కడ ఉండాలి. తెన్నేటి సూరి 'చెంఘిజ్ ఖాన్' మా బడిలో నవలల వరసలోనే ఉంది. పెద్ద పిల్లలు దాన్ని విడవకుండా చదువుతారు, నవల అని తెలిసే చదువుతారు.

ఇక వయసు సంగతి. ఫలానా మహానుభావుడు ఆరో తరగతికి, ఫలానా ఆయన పదో తరగతికి అని జాబితాలు తయారు చేసి ఇస్తుంటారు. నేను అట్లా పంచను. ఒకే మనిషిని ఎనిమిదేళ్ళ పిల్లకూ ఇవ్వొచ్చు, పదిహేనేళ్ళ పిల్లకూ ఇవ్వొచ్చు. ఆ జీవితంలోంచి ఏ ముక్క తీసి ఇస్తామన్నదే వయసును బట్టి మారుతుంది. దీనికి నేను పెట్టుకున్న కట్టడి ఒకటే. చిన్నప్పుడు కొంత వదిలిపెట్టి చెప్పొచ్చు. అబద్ధం కలిపి మాత్రం చెప్పకూడదు. ఎనిమిదేళ్ళకు విన్నదాన్ని పదిహేనేళ్ళకు ఆ పిల్ల చెరిపేసుకోవలసి రాకూడదు, దాని మీద ఇంకొంత చేర్చుకోగలగాలి.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం ఇట్లా రెండుసార్లు ఇవ్వడానికి వీలైనది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడి ఖద్దరు ప్రదర్శన దగ్గర ఆమె వాలంటీరు. అప్పటికి వయసు పద్నాలుగు. టికెట్టు లేనివాళ్ళను లోపలికి పంపకూడదని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు, చేతిలో టికెట్టు లేదు. ఆపేసింది. టికెట్టు తెచ్చాకే లోపలికి పోనిచ్చింది. రెండో తరగతి పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? ఒక గేటు, ఒక పిల్ల, ఒక పెద్దమనిషి, ఒక నియమం. చెప్పడం అయిపోగానే బెంచీలు అడ్డం పెట్టుకుని ఆట మొదలుపెడతారు. ఒకరు నెహ్రూ, ఒకరు దుర్గాబాయి. దుర్గాబాయి వేషానికే పోటీ. ఆ వయసుకు స్వాతంత్ర్యోద్యమం అంటే ఏమిటో తెలియనక్కరలేదు. పెద్దవాడైనా నియమం నియమమే అన్నది ఆటలోనే దిగుతుంది.

అదే దుర్గాబాయికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిసిన తరవాత ఆమె ఆ కాపురానికి పోనని చెప్పింది. తండ్రీ సోదరుడూ ఆమె పక్షాన నిలబడ్డారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయింది, ఆ తరవాత చదువు పూర్తి చేసుకుంది, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఈ భాగాన్ని తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఇస్తాను. వేసవి సెలవుల ముందే ఇస్తాను. ఎందుకంటే మా దగ్గర పదో తరగతికి వచ్చే పిల్లకు సంబంధాలు చూడటం మొదలయ్యేది ఆ సెలవుల్లోనే. ఒక పిల్ల ఆ పుస్తకం చదివి వచ్చి, "వాళ్ళ నాయన ఒప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది మేడమ్. ఒప్పుకోకపోతే?" అంది. అది చాలా సరైన ప్రశ్న. గొప్పవాళ్ళ కథలో పక్కన నిలబడినవాళ్ళ వంతు ఎంతో ఆ పిల్లకు కనిపించింది. నేను జవాబు చెప్పే బదులు ఆ పుస్తకాన్ని వాళ్ళ నాయనకు ఇచ్చి చదివించమన్నాను. చదవడం రాని తండ్రి అయితే పిల్లే చదివి వినిపిస్తుంది. ఇట్లా పోయిన పుస్తకం ఆలస్యంగా తిరిగొస్తుంది. నేను తొందర పెట్టను.

తాళ్ళపాక అన్నమయ్య మా కడప సీమ మనిషి. ఆయన జీవితాన్ని ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. దాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి 1949లో అచ్చుకు తెచ్చారు. ఒక తెలుగు కవి జీవితాన్ని అంత దగ్గరి బంధువు రాసిపెట్టడం అరుదు. అందులో ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఇంట్లోవాళ్ళు పంపితే పసుల గడ్డికి పోతాడు. కొడవలి చిటికెన వేలికి తగులుతుంది. ఆ నెత్తురు చూసుకుని, ఇంటి చాకిరీ మీద విసుగు పుట్టి, అటునుంచి అటే యాత్రికులతో కలిసి తిరుమల దారి పడతాడు. మా మూడో తరగతి పిల్లలకు కొడవలి తెలుసు, తెగిన వేలు తెలుసు, గడ్డికి పొమ్మంటే వచ్చే కోపం కూడా తెలుసు. కాబట్టి అన్నమయ్యను అక్కడ మొదలుపెడతాను. ముప్పైరెండు వేల కీర్తనలు, రాగిరేకులు తరవాత సంగతి.

చిన్నన్న పుస్తకంలో మహిమలున్నాయి. సాళువ నరసింగరాయలు కోపగించి సంకెళ్ళు వేయిస్తే అవి ఊడిపడటం అందులో ఉంది. మహిమలను ఏం చేయాలని తోటి ఉపాధ్యాయులు అడుగుతుంటారు. నేను వాటిని తీసెయ్యను, జరిగినట్టుగానూ చెప్పను. "అని ఆయన మనవడు రాసినాడు" అని ఆ వాక్యం చివర చేరుస్తాను. ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ నాలుగు మాటలూ అడ్డం రావు. పదిహేనేళ్ళ పిల్లకు అవే ఆలోచనకు దారి ఇస్తాయి. ఇట్లాంటి కథే ఇంకొకటి: మా జిల్లాలోనే పాపాఘ్ని ఒడ్డున గండి అనే ఊరుంది. దాన్నీ గండికోటనూ కలగలిపి చెప్పేవాళ్ళు చాలామంది. ఆ గండిలో కొండల నడుమ కట్టిన బంగారు తోరణం తెల్లదొర థామస్ మన్రోకు కనిపించిందని, ఆ తరవాత ఆయన ఎక్కువ కాలం బతకలేదని చెప్పుకుంటారు. మన్రో 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడన్నది దాఖలా. తోరణాన్నీ కలరానూ రెండింటినీ చెప్తాను, ఏది ఎక్కడిదో కూడా చెప్తాను. ఒక పరాయి కలెక్టరును జనం ఎంతగా తమవాణ్ణి చేసుకున్నారో తోరణం చెప్తుంది. ఆ కాలంలో ఊళ్ళు ఎట్లా పోయేవో కలరా చెప్తుంది.

పదేళ్ళు దాటి పన్నెండు పదమూడు దాకా ఉన్న పిల్లలు నాకు అన్నిటికంటే ఇష్టమైనవాళ్ళు. వాళ్ళకు పని ఎట్లా జరిగిందో కావాలి. పెట్టెలో ఏముంది, ఎన్ని రోజులు పట్టింది, డబ్బు ఎవరిచ్చారు అని అడుగుతారు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సి.పి. బ్రౌన్ ఈ వయసుకు సరిపోయిన మనిషి. 1820లో కడపకు వచ్చాడు. వేమన పద్యాలు వెతికి, పోగు చేసి, 1829లో అచ్చు వేయించాడు. కడప బంగళాలో పండితులను పెట్టుకుని, తన జీతంలోంచి వాళ్ళకు జీతాలిచ్చి, తాటాకు ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. డబ్బు చాలక అప్పులు చేశాడు. నిఘంటువు 1852లో వచ్చింది. ఈ వరసంతా పిల్లలతో చేయించి చూస్తాను. ఒకే పద్యాన్ని నలుగురి చేత వాళ్ళ అవ్వల దగ్గర విని రాసుకుని రమ్మంటాను. నాలుగు రకాలుగా వస్తుంది. ఇప్పుడు ఏది సరైనదో ఎట్లా తేలుస్తారు అంటే తరగతిలో గోల మొదలవుతుంది. బ్రౌన్ బంగళాలో రోజూ జరిగింది ఆ గోలే. జూలూరి అప్పయ్య వంటి పండితుల పేర్లు లేని బ్రౌన్ పుస్తకాన్ని నేను కొనను. కడపలో ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉంది, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పూనుకుని నిలబెట్టినది. పిల్లలను కడపకు తీసుకుపోయే అవకాశం వస్తే నేను అడిగే మొదటి చోటు అది. ఒక జీవితచరిత్ర చదివి, ఆ మనిషి పని చేసిన చోట నిలబడగలగడం మా పిల్లలకు దొరికిన భాగ్యం.

ఇదే వయసుకు యల్లాప్రగడ సుబ్బారావును కూడా ఇస్తాను. 1895లో భీమవరంలో పుట్టాడు. చిన్నతనంలో కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలనుకున్నాడు. మెట్రిక్ తప్పాడు, మళ్ళీ తప్పాడు, మూడోసారి గట్టెక్కాడు. సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అమెరికా పోయి, అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ చదువుకున్నాడు. తరవాత ఆయన పరిశోధనల్లోంచి ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు మందు, పిల్లల రక్తకాన్సరుకు వాడిన మందు, ఆరియోమైసిన్ వచ్చాయి. పన్నెండేళ్ళ పిల్లలకు ఇక్కడిదాకా చాలు. పరీక్ష తప్పడం ఒక్కటీ కాదు, ఇంట్లో జబ్బుతో పోయినవాళ్ళను తలుచుకుంటూ మందు వెతకడం కూడా వాళ్ళకు అర్థమవుతుంది. ఫ్లోరైడు నీళ్ళ వల్ల, గనుల దుమ్ము వల్ల జబ్బు పడిన పెద్దవాళ్ళను చూస్తూ పెరిగే పిల్లలున్న సీమ ఇది.

సుబ్బారావు అమెరికా పోయినవాడు మళ్ళీ తిరిగి రాలేదు. ఇక్కడ భార్య శేషగిరి ఉంది. ఆయన అమెరికా పోయిన తరవాత పుట్టిన కొడుకును ఆయన చూడనే లేదు, ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. ఆయన 1948లో న్యూయార్కులో చనిపోయేదాకా ఆమె ఎదురుచూస్తూ ఉండిపోయింది. దీన్ని పదో తరగతికి ఉంచుతాను. మా పిల్లల్లో నాన్న కువైట్‌కు పోయినవాళ్ళు, అమ్మే పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఈ సంగతి ఎంత దగ్గరగా తగులుతుందో నాకు తెలుసు. అందుకే తరగతిలో అందరి ముందూ దీని మీద చర్చ పెట్టను. పుస్తకం ఇచ్చి, చదివాక నాతో ఒంటరిగా మాట్లాడాలనిపిస్తే రమ్మంటాను. ఒకరిద్దరు వస్తారు. ఒకడు వచ్చి, "అంత మందికి మందు చేసినాడు, ఇంటికి ఒక్కసారి రావడానికేం మేడమ్?" అని కోపంగా అన్నాడు. ఆ కోపాన్ని నేను చల్లార్చలేదు. గొప్పవాడి మీద కోపం తెచ్చుకునే హక్కు పాఠకుడికి ఉంది. ఆయన గొప్పదనం ఆ కోపం వల్ల తగ్గదు, శేషగిరి కష్టం కూడా తగ్గదు. రెండూ పట్టుకుని నిలబడటం పదిహేనేళ్ళ వయసు నేర్చుకోవలసిన పని.

వయసు చూసి ఇవ్వాలనేవాళ్ళు అంబేద్కర్ బాల్యం గురించి నాతో ఎక్కువగా వాదిస్తారు. 1901లో, తొమ్మిదేళ్ళప్పుడు, అన్నతో కలిసి కోరెగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి బయలుదేరాడు. మసూరు స్టేషన్లో దిగారు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలను చూసి స్టేషన్ మాస్టరు దగ్గరికి వచ్చాడు. కులం చెప్పగానే వెనక్కి తగ్గాడు. బండివాళ్ళు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగ తీసుకుని, బండి పిల్లలే తోలుకుంటే తాను పక్కన నడిచి వస్తానన్నాడు. దారి పొడుగునా తాగడానికి నీళ్ళు దొరకలేదు. ఇది అంబేద్కర్ స్వయంగా రాసుకున్నది. ఇంత బాధ చిన్నపిల్లలకు ఎందుకంటారు. ఆయన ఆ బాధ పడింది తొమ్మిదేళ్ళకే. తొమ్మిదేళ్ళ పిల్లకు అటువంటిది జరగగలిగినప్పుడు తొమ్మిదేళ్ళ పిల్ల దాన్ని వినగలదు. నాలుగో తరగతిలో ఈ కథ చెప్తే కొందరు పిల్లలు తలెత్తరు, వాళ్ళకు ముందే తెలుసు. మిగిలినవాళ్ళు "నీళ్ళు కూడా ఇయ్యలేదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగే వయసు దాటిపోకముందే చెప్పాలి. పెద్దయ్యాక ఆ ప్రశ్న అడగడం మానేస్తారు. పై తరగతుల వాళ్ళకు జాషువా 'నా కథ', వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య' ఉన్నాయి. బాలయ్య పుస్తకం చేతులు మారి అట్ట ఊడిపోతే మళ్ళీ కొన్నాను.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి ఎవరికీ కొత్తగా చెప్పే పని లేదు. 2019లో 'సైరా' వచ్చినప్పటి నుంచి అందరికీ ఆయన తెలుసు, సినిమాలో ఉన్నట్టే తెలుసు. సినిమాను తిట్టి లాభం లేదు. దాన్నే మొదటి మెట్టు చేసుకోవాలి. ఎనిమిదో తరగతిలో నేను పెట్టే పని ఇది: సినిమాలో చూసినదాంట్లో ఏది పుస్తకంలో ఉంది, ఏది లేదు, పుస్తకంలో ఉండి సినిమాలో లేనిది ఏమిటి. నెలకు పదకొండు రూపాయల చిల్లర భరణం దగ్గర కంపెనీతో తగాదా మొదలైందని పిల్లలకు ఆశ్చర్యం. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఉరితీశారు. తలను కోట మీద వేలాడదీసి 1877 దాకా ఉంచారు. ఈ చివరి సంగతిని చిన్న తరగతుల్లో నాకై నేను చెప్పను. అయితే ముసలివాళ్ళు పాడే పాటల్లో అది ఉంది కాబట్టి అడిగేవాళ్ళు అడుగుతారు. అడిగితే అవునంటాను. అడిగిన పిల్లకు అబద్ధం చెప్పి పంపితే ఆ పిల్ల ఇంకోసారి నన్ను అడగదు.

పదో తరగతికి వచ్చాక ఈ కథను రెండు చోట్ల ముడివేస్తాను. నరసింహారెడ్డిని ఉరితీసిన రోజుల్లో బ్రౌన్ మద్రాసులో అదే కంపెనీ కొలువులో ఉండి తెలుగు నిఘంటువు పని చేసుకుంటున్నాడు. వేమనను బతికించిన కంపెనీ ఉద్యోగి, తల నరికించిన కంపెనీ కలెక్టరు కాక్రేన్, ఇద్దరూ ఒకే కాలం మనుషులు. పిల్లలు గట్టిగా వాదించుకుంటారు. రెండో ముడి ఉయ్యాలవాడలోనే ఉంది. నరసింహారెడ్డి పోయిన ఇరవై ఏళ్ళలోపే, 1866 కరువులో, అదే ఊళ్ళో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేల మందికి అంబలి పోయించాడు. పాటలు కట్టి ఆయననూ పాడుకున్నారు. సినిమా రాలేదు. కత్తి పట్టినవాడి పుస్తకంతో పాటు గంజి పోసినవాడి కథ కూడా చదవకుండా మా సీమను చదివినట్టు కాదని నా నమ్మకం. తగాదాలకు పేరుపడిన మా తాలూకాలో ఈ రెండో కథ పిల్లలకు మరీ అవసరం.

గండికోట సంగతికి వస్తాను. కోటలోపలే పుట్టి పెరిగే పిల్లలకు ఆ కోటనేలిన పెమ్మసాని తిమ్మానాయుడు బంధువు లాంటివాడు. మీర్ జుమ్లా పేరెత్తితే మోసగాడంటారు. గోల్కొండ సేనాపతిగా వచ్చి కోట పట్టుకున్నాడు కాబట్టి, తిమ్మానాయుడికి విషం పెట్టించాడని కైఫీయతులో, అంటే ఊళ్ళ చరిత్రలు రాసిపెట్టిన పాత దాఖలాలో, కథ ఉంది కాబట్టి ఆ మాట వచ్చింది. 1652 సెప్టెంబరులో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు గండికోటకు వచ్చి, మీర్ జుమ్లాను కలిసి, చూసినదంతా రాసిపెట్టాడు. మా కోటలో ఒక మనిషి పని చేస్తుండగా కళ్ళారా చూసి రాసిన మాటలు దొరకడం ఎంత అదృష్టమో చెప్పలేను. ఇక్కడ నా కట్టడికి అసలు పరీక్ష వచ్చింది. ఆ కొద్ది పేజీల్లోనే ఎనిమిదేళ్ళ పిల్లకు, పన్నెండేళ్ళ పిల్లకు, పదహారేళ్ళ పిల్లకు ఇవ్వవలసినవి వేరువేరుగా ఉన్నాయి.

చిన్నవాళ్ళకు: మీర్ జుమ్లా గుడారంలో కింద కూర్చుని, వచ్చిన ఉత్తరాలను కాలివేళ్ళ సందుల్లోనూ ఎడమచేతి వేళ్ళ సందుల్లోనూ ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి రాయించేవాడు. ఇది చెప్పగానే పిల్లలంతా చెప్పులు విడిచి కాలివేళ్ళలో కాగితాలు పెట్టుకుంటారు. మధ్యవాళ్ళకు: ఇరాన్‌లో నూనె వ్యాపారి కొడుకు వజ్రాల వర్తకుడై, ఓడలు నడిపి, గోల్కొండలో మంత్రి అయ్యేదాకా ఎట్లా ఎదిగాడో. కోట ధాన్యాగారం దగ్గర నిలబడి, ఇన్ని వేల మందికి తిండి, నీళ్ళు, మందుగుండు ఎట్లా సమకూర్చి ఉంటారో లెక్కలు వేయిస్తాను. పెద్దవాళ్ళకు మిగిలింది కఠినమైనది. నేరం చేసినవాళ్ళ కాళ్ళూ చేతులూ నరికించి దారి పక్కన పడేయించాడని టావెర్నియే రాశాడు. ఫిరంగులు పోయించడానికి గుళ్ళలోని రాగి విగ్రహాలు తెప్పించి ఒక ఫ్రెంచివాడికి అప్పగించాడనీ, గండికోట గుడి విగ్రహాలు కొన్ని కరగలేదనీ, చివరికి ఒక్క ఫిరంగీ తయారు కాలేదనీ రాశాడు.

విగ్రహాల సంగతి తరగతిలో చదివేటప్పుడు నేను పిల్లల ముఖాలు చూస్తూ చదువుతాను. కోట ఊళ్ళో మసీదూ ఉంది, మాధవరాయస్వామి గుడీ ఉంది. ఆ ఊరి పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఒక పిల్లవాడు పక్కవాడి వైపు తిరిగి చూసినాడంటే నేను అక్కడే ఆగి, తరవాతి సంగతి చెప్తాను. ఇంకో మూడు నాలుగేళ్ళకే ఇదే మీర్ జుమ్లా తనకు ఇంత పదవి ఇచ్చిన గోల్కొండ సుల్తానునే వదిలేసి మొగలుల పక్షం చేరాడు. మతం చూసి నడిచిన మనిషి అయితే అట్లా ఎందుకు చేస్తాడు? అధికారం, వజ్రాలు, ఫిరంగులు, భూమి; ఆయన లెక్క అది. దాన్ని చేసింది ఆయన, మీ బెంచీలో కూర్చున్నవాడు కాడు. ఈ మాట నేను స్పష్టంగా, గట్టిగా చెప్తాను. ఆ పేజీ అసలు చదవకుండా దాటేస్తే బాగుంటుంది కదా అని కొందరంటారు. మనం దాటేసిన పేజీని ఫోన్లో ఎవరో ఇంకోరకంగా చదివిస్తారు. అంతకంటే నా ముందు, టావెర్నియే మాటల్లో, ముందూ వెనకా కలిపి చదవడమే మేలు. అదే వారంలో పోతులూరి వీరబ్రహ్మం, ఆయన శిష్యుడు దూదేకుల సిద్ధయ్య కథ కూడా చదివిస్తాను. బ్రహ్మంగారి మఠం మాకు దూరం కాదు, పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు.

చెప్పొచ్చేదేమంటే ఈ కోట మనుషుల మీద పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు తమంతట తాము చదువుకోగల మంచి తెలుగు జీవితచరిత్ర మా బీరువాలో ఇంకా లేదు. తిమ్మానాయుడి మీద దొరికేవి పెద్దవాళ్ళకు రాసినవి, లేకపోతే పొగడ్తలు. బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చు వేసిన కడప జిల్లా కైఫీయతుల్లో విషయం ఉంది, భాష పిల్లలకు కష్టం. కాబట్టి కైఫీయతు ఒక పక్క, టావెర్నియే ఇంకో పక్క పెట్టుకుని, పిల్లల కోసం నేనే కొన్ని పేజీలు రాసుకున్నాను. ఎక్కడిది ఏదో ప్రతి పేరాలోనూ రాశాను. వాటిని జెరాక్సు తీయించి కుట్టించి బీరువాలో పెట్టాను. రాయగలిగిన రచయిత ఎవరైనా పూనుకుంటే ఆ కాగితాలు సంతోషంగా ఇచ్చేస్తాను.

ఆ కుట్టిన పుస్తకాన్ని ఎక్కువగా తీసుకుపోయేది ఆదివారాలు టూరిస్టులకు కోట చూపించే పిల్లవాడు ఒకడు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ముందు విషం కథ ఒక్కటే చెప్పేవాడు. ఇప్పుడు విషం కథ చెప్పి, "ఇది కైఫీయతులో ఉంది" అని, ఉత్తరాలూ కాలివేళ్ళూ చెప్పి, "ఇది చూసినాయన రాసింది" అంటాడు. పోయిన నెల వచ్చి, మొగలుల దగ్గరికి పోయినాక మీర్ జుమ్లా ఏమైనాడు మేడమ్ అని అడిగాడు. బెంగాల్ సుబేదారై, అస్సాం మీదికి దండెత్తి, 1663లో ఆ దండయాత్ర నుంచి తిరిగొస్తూ చనిపోయాడని చెప్పాను. వానికి అది చాలలేదు. జగదీశ్ నారాయణ్ సర్కార్ 1951లో ఆయన జీవితం మీద రాసిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది, ప్రింటు తీసుకున్నాం. వాడు సాయంత్రాలు కాలేజీ నుంచి వస్తూ బడి దగ్గర ఆగుతాడు, ఇద్దరం కూర్చుని చదువుతాం. తెలియని మాట వస్తే నిఘంటువు తీస్తాడు. ఇప్పుడు కర్ణాటక దండయాత్ర అధ్యాయంలో ఉన్నాం, ఇంకా గండికోట రాలేదు.